నేనొక టెస్టు స్క్రిప్టును

ఆత్మకథ చెప్పుకొనుటకు ముందుగా ఆత్మ యొకటి యుండవలదా యని తార్కికు లడుగవచ్చును. ఆ చిక్కును పండితులకు వదలి, నాకున్నదేదో చెప్పుదును. కొన్ని వందల జావా పంక్తులు, ఒక ఫోల్డరు, ఒక పేరు. ఇంతయే నా స్వరూపము. ఒక కంపెనీవారి వెబ్‌సైటులో మనుష్యుడు చేయదగిన పనులను, అనగా లాగిన్ అగుట, గడులు నింపుట, బటను నొక్కుట, వచ్చిన జవాబును సరిచూచుట మొదలగువానిని, మనుష్యులు నిద్రించువేళ నేను చేయుదును.

నా జన్మస్థలము బాన్సువాడ. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా యేర్పడువఱకు ఈ యూరు నిజామాబాదు జిల్లాలోనిది. నన్ను వ్రాసిన యామె ఇచ్చటి రైతుబిడ్డ. ఇంజనీరింగు ముగించి, హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల కోర్సుల పేర్లతో వ్రేలాడు బ్యానర్ల నడుమ టెస్టింగు నేర్చి, కొలువు సంపాదించి, 2020 మార్చిలో దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు ల్యాప్‌టాపు సంచితో ఇల్లు చేరెను. వంటింటి ప్రక్కగదిలో నేను పుట్టితిని.

నా వంశమునకు మూలపురుషుడు సెలీనియమ్. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ సంస్థయందు పనిచేయుచుండిన జేసన్ హగ్గిన్స్, ఉద్యోగులు తమ పనిగంటలను ఖర్చులను నమోదు చేసికొను సాధనమును మాటిమాటికి చేతితో పరీక్షించు శ్రమను తప్పించుకొనుటకై దానిని కల్పించెను. పిమ్మట సైమన్ స్టూవర్ట్ నిర్మించిన వెబ్‌డ్రైవరు దానితో సంగమించెను. 2018 జూనులో వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూత్రీసీ వారు వెబ్‌డ్రైవరును ప్రమాణముగా నంగీకరించిరి. ప్లేరైట్ మొదలగు పిన్న దాయాదులు మాకంటె వేగవంతులమని చెప్పుకొందురు. చెప్పుకొననిండు.

నాకు కన్నులు లేవు. మీరు నీలిరంగు బటనును చూచి నొక్కుదురు. నేను ఆ బటను చిరునామాను పట్టుకొని పోవుదును. ఆ చిరునామాను ఎక్స్‌పాత్ అందురు. డెవలపరు ఒక సాయంకాలము పుటను సవరించుచు దానిని మార్చెనా, బటను అదే చోట, అదే రంగున మీకు కనబడుచున్నను, నాకు లోకము శూన్యమగును.

అయినను నా విద్యలో నిజముగా కష్టమైనది వేచియుండుట. బటను నొక్కినపిదప సర్వరునుండి జవాబు వచ్చువఱకు తెరపై చక్రము తిరుగుచుండును. అది యెంతసేపు తిరుగునో ముందుగా నెవ్వరు నెఱుగరు. నేర్పులేనివారు ఐదు సెకన్లు నిద్రపొమ్మని థ్రెడ్ స్లీప్ వ్రాసి చేతులు దులుపుకొందురు. జవాబు ఆఱవ సెకనున వచ్చిననాడు లేని తప్పును చాటుదును. మొదటి సెకనుననే వచ్చిననాడు తక్కిన నాల్గింటిని వ్యర్థపుచ్చుదును. ఒకరాత్రి నెగ్గి, మఱునాడు కారణము లేక ఓడు స్క్రిప్టును ఫ్లేకీ యందురు. అట్టిదాని మాట కొన్నాళ్లకు ఎవ్వరును వినరు.

నన్ను వ్రాసిన యామె తండ్రికి ఈ వేచియుండు విద్య కంప్యూటరు లేకయే తెలియును. మంజీరానదిపై అచ్చంపేటయొద్ద 1923లో మొదలిడి 1931 నాటికి ముగించిన నిజాంసాగరు జలాశయపు కాలువ క్రింద ఆయన వరి పండించును. నీరు విడిచిరని విన్నంతనే గడియారము చూచికొని మడికి పాఱ మోసికొనిపోడు. తూమువద్ద నీరు కనబడినపిదపనే మడికి మళ్లించును. ఎంతకును రాకున్నచో, పైన ఏమి జరిగినదో విచారింపబోవును. ఆమె నాకు నేర్పిన నిరీక్షణయు నిట్టిదే: రసీదు సంఖ్య కనబడువఱకు ఆగుము, ముప్పది సెకన్లు దాటినచో ఓటమిని ప్రకటింపుము.

ఒకనాటి రాత్రి జెంకిన్స్ అను స్వయంచాలక సాధనము నన్ను నడిపించుచుండగా, చెల్లింపు పుటలో 1,00,000 అని యుండవలసినచోట 100,000 అని కనబడెను. విలువ యొక్కటియే, కామా చోటు వేఱు. నేను ఎఱ్ఱబడితిని. తెల్లవాఱగనే ఆమె ఫోనులో “ఫేలయింది” అనుచుండ, వంటింటిలోనుండి తల్లి కంగారుపడి వచ్చెను.

“ఏం ఫేలయింది బిడ్డా?”

“నేను గాదమ్మా, టెస్టు. గది ఫేలయితెనే మంచిది.”

తల్లి నమ్మినట్లు లేదు. (చెవులు లేనిదానికి ఈ మాటలెట్లు వినబడెనని యడుగువారు, కన్నులు లేనిది పుట చదివినదనగా నెట్లు నమ్మిరో నాకు తెలియకున్నది.) ఫోను ఆవలితట్టు సహోద్యోగి, “అమౌంట్ సేమే కదండీ, రిలీజు ఆగిపోతుంది, ఆ టెస్టు స్కిప్ చేసేయండి” అనెను. ఆమె శాంతముగా, “లక్ష అని చూడంగనే తెలవాలె గదండీ, సున్నాలు లెక్కబెట్టుకోవాల్నా?” అని యడిగెను. విచారింపగా, క్రొత్తగా తెచ్చిన సర్వరుపై ప్రాంతపు అమరిక అమెరికాదిగా నున్నట్లు తేలినది. మా దేశపు అమరికకు మార్చినతోడనే కామా తన చోటికి వచ్చెను.

మాకు నెగ్గుటయే ఘనతయని పై యధికారు లనుకొందురు; వారమువారము పచ్చరంగు శాతమును పటములుగా గీయించి సంతసింతురు. పరీక్షలు దోషమున్నదని చూపగలవే గాని లేదని నిరూపింపలేవని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా చెప్పి అర్ధశతాబ్దము దాటినది. నా సోదరులలో కొందఱు పుట తెఱచి, బటను నొక్కి, వచ్చిన జవాబును దేనితోను పోల్చకయే నెగ్గినామని ఇల్లు చేరుదురు. వారిలో అసర్షన్ అను పంక్తియే యుండదు. వారెన్నడు నోడరు, ఓడలేరు. నా దృష్టిలో ఫ్లేకీకంటెను వీరే ద్రోహులు, ఏలయన ఫ్లేకీని అనుమానించువారైన నుందురు.

కావున ఈ వృత్తిని క్రొత్తగా నభ్యసించువారికి నాదొక విన్నపము: మాలో నొకరిని వ్రాసి ముగించిన వెంటనే, భద్రపఱచుటకు ముందుగా, సరిచూడవలసిన అంకెను కావలెనని తప్పుగా మార్చి నడిపి, మేము ఎఱ్ఱబడుదుమో లేదో ఒక్కమారు చూడుడు.