సంతకం పెట్టాలంటే డ్రైవర్ కావాలి

టెండర్లు పెట్టెలో వేసే రోజుల్లో మా పల్నాడులో కాంట్రాక్టు దక్కాలంటే రేటు తక్కువ రాస్తే సరిపోయేది కాదు. ఆ కవరు పట్టుకుని పెట్టె దాకా నడిచి వెళ్ళగలగాలి. ఎవర్ని లోపలికి పంపాలో, ఎవరికి కాఫీ ఇప్పించి వెనక్కి పంపాలో గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు ముందే మాట్లాడుకుని ఉండేవాళ్ళు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చి ఆ పెట్టెను కంప్యూటర్లోకి మార్చింది. డిజిటల్ సంతకం ఉంటే చాలు, ఇంట్లో కూర్చుని టెండరు వేసుకోవచ్చన్నారు. నిజంగానే గేటు దగ్గర మనుషులు పోయారు. ఇప్పుడు అక్కడ డ్రైవర్, జావా, యాంటీవైరస్ నిలబడ్డాయి. ఇవి కాఫీ కూడా ఇప్పించవు.

నరసరావుపేటలో పద్దులు రాయడం, జీఎస్‌టీ రిటర్నులు వేయడం, టెండర్లు అప్‌లోడ్ చేయడం నా బతుకుతెరువు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల వాళ్ళు, మాచర్ల కాంట్రాక్టర్లు, గురజాల వైపు చిన్న చిన్న కంపెనీల డైరెక్టర్లు నా ఖాతాదారులు. వాళ్ళందరినీ, నన్నూ కలిపి ఏడిపించేది వేలెడంత యూఎస్‌బీ టోకెన్.

చూడ్డానికి పెన్‌డ్రైవే గానీ అందులో పాటలు ఎక్కవు. లోపలున్న చిప్పులో ఓ రహస్య కీ పుడుతుంది, అక్కడే ఉంటుంది. దాన్ని బయటికి తీయడం, కాపీ కొట్టడం కుదరదు. కంప్యూటర్ పత్రం తాలూకు సారాన్ని లోపలికి పంపితే చిప్పు దాని మీద సంతకం చేసి బయటికిస్తుంది. సిరా సంతకానికి ఎంత విలువో దీనికీ అంతే విలువని 2000 నాటి ఐటీ చట్టం చెప్పింది. ఈ సంతకానికిచ్చే సర్టిఫికెట్లలో 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 ఆపేసి క్లాస్ 3 మాత్రమే ఇస్తున్నారు. ఆ సర్టిఫికెట్ తీసుకోవాలంటే మనిషి వీడియోలో కనపడాలి. పదిమందిని కేకేసి పనిచేయించే బట్టీ యజమాని, ఫోన్ ముందు తన పేరు తాను చెప్పుకోవడానికి నీళ్ళు నమిలాడు. ఓటీపీ ఈమెయిల్‌కి పోయింది. ఆ ఈమెయిల్ హైదరాబాదులో ఉన్న కొడుకుది. కొడుకు మీటింగులో ఉన్నాడు.

సరే, టోకెన్ వచ్చింది. ఇక గుచ్చి సంతకం పెట్టడమే కదా అనుకుంటారు. టెండరు మధ్యాహ్నం మూడింటికి మూత పడుతుందనగా మా ఆఫీసులో జరిగిన సంభాషణ ఇది.

"ఏంది అబ్బాయ్, ఇంకా కాలా?"

"టోకెన్ కనపడట్లా బాబాయ్."

"కనపడకపోవడమేంది, నీ కళ్ళ ముందే గుచ్చి ఉంటే!"

"నాకు కనపడతంది. కంప్యూటర్‌కే కనపడట్లా."

బాబాయ్ కుర్చీలోంచి లేచి వచ్చి, టోకెన్ మీద వేలు పెట్టి, "ఇదిగో" అని కంప్యూటర్‌కి చూపించాడు. నేను ఫీజు తీసుకుని చేసేదీ దాదాపు అదే.

కంప్యూటర్‌కి ఎందుకు కనపడదంటే కారణాలు బోలెడు. పిడుగురాళ్ళకు లైమ్ సిటీ అని పేరు ఊరికే రాలేదు. అక్కణ్ణుంచి వచ్చిన టోకెన్ మూతికి తెల్లగా సున్నం పట్టి ఉంటుంది. చొక్కా కొసతో తుడిచి, ఓసారి ఊది గుచ్చాలి. సీపీయూ ముందు స్లాట్‌లో పెడితే లైటు వెలగదు, టేబుల్ కిందికి దూరి వెనక స్లాట్‌లో పెట్టాలి. లైటు వెలిగితే డ్రైవర్ లేదంటుంది. డ్రైవర్ వేస్తే యాంటీవైరస్ దాన్ని పట్టుకుపోయి దాచేస్తుంది. అన్నిటికంటే పెద్ద తగాదా ఇంకోటుంది. ఓ కంపెనీ టోకెన్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లో ఇంకో కంపెనీది ఎక్కిస్తే, గురజాలకీ మాచర్లకీ రాజ్యం పంచినప్పటి గొడవ మళ్ళీ మొదలవుతుంది. వ్యవహారం కారంపూడి యుద్ధం దాకా పోకుండా నేనే ఒకదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి సంధి కుదురుస్తాను. మర్నాడు ఆ తీసేసినదాని టోకెన్ యజమాని దిగుతాడు.

బ్రౌజర్ల సంగతి వేరే. పాత పోర్టళ్ళు చాలావరకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనో, జావా ప్లగిన్‌తోనో నడిచేవి. 2015 సెప్టెంబరులో క్రోమ్ ఆ ప్లగిన్లకు పూర్తిగా తలుపు మూసింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11ని సాగనంపింది. ప్రపంచమంతా మీమ్స్ వేసుకుని నవ్వుకుంది. మా ఆఫీసులో మాత్రం ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు సంతకం కోసం పక్కన వేరే సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాలి. అది మామూలుగా నొక్కితే లేవదు, రైట్ క్లిక్ కొట్టి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అనాలి. నా డబ్బుతో కొన్న కంప్యూటర్‌కి అడ్మినిస్ట్రేటర్‌ని నేనేనని నేనే రోజూ దానికి గుర్తుచేయాలి.

ఇన్ని తంటాలు పడి అన్నీ కుదిర్చి పెట్టుకుంటే 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు అయిపోయింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే కంప్యూటర్లోనే టీపీఎం 2.0 అని ఇంకో భద్రతా చిప్పు ఉండాలట. అది లేని మా పాత సీపీయూని గడప దగ్గరే ఆపేసింది. కొత్త లాప్‌టాప్ కొన్నాను. సన్నగా, అందంగా ఉంది. దానికున్నవన్నీ టైప్-సి స్లాట్లే. మన టోకెన్లేమో పాతకాలం వెడల్పు మూతివి. మొబైల్ షాపులో కన్వర్టర్ తెచ్చి తగిలిస్తే, ఎండాకాలం ఫ్యాను గాలికి టోకెన్ కదిలి సరిగ్గా సంతకం మధ్యలో ఊడిపోతుంది. ఫ్యాను కట్టేద్దామంటే పక్కన రెంటచింతల ఎండలు ఎలా ఉంటాయో రాష్ట్రమంతటికీ తెలుసు.

ఇక పిన్. వరసగా తప్పు కొడుతూ పోతే టోకెన్ తాళం పడిపోతుంది. రహస్య కీ బయటికి రాదని మురిసిపోయాం కదా, అప్పుడూ రాదు. మళ్ళీ కొత్త సర్టిఫికెట్, మళ్ళీ వీడియో, మళ్ళీ హైదరాబాదు కొడుకు. ఆ భయంతో కంపెనీ వాళ్ళు పెట్టి పంపిన పిన్‌ని ఎవరూ కదిలించరు. అది ఎక్కువగా ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస అంకెలే. లెక్కపెట్టడం వచ్చిన ఎవరైనా సంతకం పెట్టొచ్చు.

దీని పర్యవసానం ఏమిటంటే, ఖాతాదారుల సంతకాలన్నీ నా టేబుల్ సొరుగులో, ఖాళీ అయిన స్వీటు డబ్బాలో ఉన్నాయి. ఒక్కోదానికీ పేరు రాసిన స్టిక్కర్. ఒకాయన టోకెన్‌కి పసుపుతాడు కట్టి ఇచ్చాడు, మంచి జరగాలని. "నీ దగ్గరే ఉండనీ అబ్బాయ్, ఈ గోల నాకెందుకు" అంటారు అందరూ. చట్టం ఏమంటుందో తెలుసా? ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆ కీ తన అదుపులో ఉండేలా సర్టిఫికెట్ తీసుకున్న మనిషే జాగ్రత్త పడాలి. ఏ ఊళ్ళో ఆడిటర్ గారి సొరుగు తెరిచినా ఈ సెక్షన్ తెల్లబోతుంది. యజమాని తప్ప ఇంకెవరూ సంతకం పెట్టకూడదని చేసిన పరికరంతో యజమాని తప్ప మిగతా అందరూ సంతకాలు పెడుతున్నారు. ఇది జనం తెలివితక్కువతనం కాదు. వాడలేని తాళాన్ని ఎవరైనా వాడగలిగినవాడికే అప్పగిస్తారు.

వాడగలిగే తాళం చేయడం కుదరదని కాదు. గూగుల్ కంపెనీ 2017 మొదట్లో ఉద్యోగులందరి చేతికీ సెక్యూరిటీ కీలు ఇచ్చింది. ఆ తర్వాత 85 వేల పైచిలుకు మందిలో ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఫిషింగ్ మోసానికి చిక్కలేదని 2018లో చెప్పింది. ఆ కీని గుచ్చి వేలితో తాకితే చాలు. వేరే డ్రైవర్ అక్కర్లేదు, బ్రౌజరే దాని భాష అర్థం చేసుకుంటుంది. 2019 మార్చిలో దానికి వెబ్ ప్రమాణమూ ఖాయమైంది. వాళ్ళది లాగిన్‌కి, మనది సంతకానికి, పని వేరే అంటారా? ఒప్పుకుంటాను. కానీ సంతకమైనా లాగినైనా పెట్టేది మనిషే కదా.

అందుకని ఈ సాఫ్ట్‌వేర్లు రాసే బాబులకు ఓ విన్నపం. మీ ఏసీ గదిలో, కొత్త కంప్యూటర్ మీద పరీక్షించి 'పనిచేస్తోంది' అని రాసుకోకండి. ఓ మే నెలలో పిడుగురాళ్ళ రండి, బట్టీ ఆఫీసులో కంప్యూటర్ మీద మీరే ఓ సంతకం పెట్టి చూపించండి. భోజనం మేం పెడతాం.

నా ఖాతాదారులకు ఇంకో మాట. వచ్చి మీ టోకెన్లు మీరు తీసుకెళ్ళండి, పిన్ మార్చుకోవడం నేర్పుతాను, ఫీజు వద్దు. 20వ తేదీన మాత్రం రావద్దు. ఆ రోజు జీఎస్‌టీ 3బీ రిటర్నులకు గడువు.