పొయ్యికి పోని పిప్పి

చెరకు పిప్పి తన కథను రసం పిండేసిన చోటి నుంచే మొదలుపెడుతుంది. వంద టన్నుల చెరకు ఆడితే తాను దాదాపు 30 టన్నులు మిగులుతానని, అందులో సగం నీళ్లేనని చెబుతుంది. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు దాన్ని ఎండబెట్టి, అదే బెల్లం పొయ్యిలోకి ఎగదోస్తారు. పంచదార మిల్లుల్లో బాయిలర్ కింద మండి ఆవిరినీ కరెంటునూ ఇస్తుంది. ఇంత చేస్తున్నా తనను వ్యర్థం అంటే పిప్పికి బాధే. అయితే మండటం కన్నా మెరుగైన పని తన చేత అవుతుందని దాని నమ్మకం.

ఆ నమ్మకానికి వందేళ్లు. 1920ల్లో అమెరికాలోని లూసియానాలో, న్యూ ఆర్లియన్స్ పక్కనున్న మరేరోలో, బ్రోర్ డాల్‌బర్గ్ నడిపిన సెలోటెక్స్ కంపెనీ పిప్పి నారతో పలకలు ఒత్తింది. వేడినీ చలినీ ఆపడానికి వాటిని ఇళ్ల గోడల్లో అమర్చారు.

ఆ కాలపు మరో సంగతి కూడా పిప్పి దాచదు. తడిగా కుప్పపోసి నెలల తరబడి ఉంచితే తనలో వేడి పుట్టి సూక్ష్మజీవులు పెరుగుతాయి. అలాంటి పాత బేళ్ల దుమ్ము పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. 1941లో లూసియానా వైద్య పత్రికలో అది బగాసోసిస్ పేరుతో నమోదైంది. తన గురించి ఎంత గొప్పగా రాసినా ఈ మాట వదిలేయొద్దని పిప్పి కోరుతుంది.

తన ఒంట్లో రెండు భాగాలున్నాయంటుంది. తొక్క వైపుది గట్టి నార, లోపలిది మెత్తని బెండు. బెండు నీళ్లు పీలుస్తుందే తప్ప బలమివ్వదు కనుక ముందు దాన్ని వేరు చేస్తారు. అసలు చిక్కు ఆ తర్వాత, నారను ప్లాస్టిక్‌తో కలిపేటప్పుడు వస్తుంది. నారకు నీళ్లంటే ఇష్టం, పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌కు గిట్టవు. ఊరికే కలిపితే రెండూ అతుక్కోవు, బరువు పడగానే నార పట్టు వదిలి జారిపోతుంది. పలచని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే నార మీది మైనం, హెమిసెల్యులోజ్, కొంత లిగ్నిన్ వదిలి పైభాగం గరుకెక్కుతుంది. నున్నటి కాంక్రీటుకు గాట్లు కొట్టాకే సిమెంటు పూత నిలిచినట్టు, ప్లాస్టిక్ అప్పుడు నారను పట్టుకుంటుంది. మోతాదు మించితే మాత్రం నారే దెబ్బతింటుంది. వేడి కూడా చూసుకోవాలి. దాదాపు 200 డిగ్రీలు దాటితే నార మాడిపోతుంది. 160 డిగ్రీల దగ్గర కరిగే పాలీప్రొపిలీన్‌తో పొత్తు కుదురుతుంది గానీ, 260 డిగ్రీలు అడిగే నైలాన్-66తో కుదరదు.

గాజు నారకున్న బలం తనకు లేదని పిప్పి ఒప్పుకుంటుంది. అయితే తన బరువు దానికన్నా బాగా తక్కువ, ఏటా పొలంలో మళ్లీ పండుతుంది. తలుపు పలకలకూ కారు లోపలి భాగాలకూ తనకున్న బలం చాలు. 2023లో ఈస్ట్ లండన్ విశ్వవిద్యాలయం, గ్రిమ్‌షా ఆర్కిటెక్ట్‌లు కలిసి షుగర్‌క్రీట్‌ను చూపించారు. పిప్పిని ఖనిజ బంధకంతో కలిపి, ఒకదానిలో ఒకటి ఇమిడే దిమ్మెలుగా పోసి, వాటితో నేలపలక కట్టారు.

బాయిలర్ నుంచి పిప్పిని లాగేస్తే ఆ మంట ఎక్కడి నుంచి రావాలి? తమిళనాడులో కరూరు దగ్గరి న్యూస్‌ప్రింట్ మిల్లు పిప్పితో కాగితం చేస్తూ, పిప్పి ఇచ్చిన పంచదార మిల్లులకు బదులుగా ఇంధనమో ఆవిరో సమకూర్చింది. ఆ లోటు బొగ్గుతో పూడిస్తే పర్యావరణానికి మిగిలేది తక్కువ. నార పలకలకు, బెండు బాయిలర్‌కు పోవాలి. పిప్పికి న్యాయమైన పంపకం అదే.

పిప్పి పలక కొనేవాళ్లు ఒక్క ప్రశ్న తప్పక అడగాలి: ఏ జిగురుతో అతికారు? అది యూరియా ఫార్మాల్డిహైడ్ అయితే, ఇంటి గాలిలోకి ఫార్మాల్డిహైడ్ ఎంత విడుదలవుతుందో తెలిపే పరీక్ష పత్రం చూశాకే డబ్బు కట్టండి.