కావాలనే తీశాను

మీకొక్కరికే చెబుతున్నాను, మా అపార్ట్‌మెంట్ వాళ్ళ చెవిన పడనివ్వకండి. మా లిఫ్టు పక్కన ఫ్రేము కట్టించి తగిలించిన బాతుల ఫోటో ఉంది చూశారూ, అందరూ ఆగి మరీ మెచ్చుకునేది, దాని కథ ఇది.

తప్పంతా ఉప్పలపాడుది. గుంటూరు పక్కన ఆ ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఇరుకిరుగ్గా కాపురం ఉంటాయి. ఊరివాళ్ళు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు కాబట్టి వాటికి మనిషంటే లెక్కే లేదు. అక్కడ కళ్ళు మూసుకుని మీట నొక్కినా కేలండరుకి పనికొచ్చే బొమ్మ వస్తుంది. నేను కళ్ళు తెరుచుకునే నొక్కాను. వచ్చింది. ఇది ఆ ఊరి పుణ్యం అనుకోవాలా వద్దా? అనుకోలేదు. ఇన్నాళ్ళూ నాలో ఒక సలీం అలీ అంతటి పక్షిశాస్త్రవేత్త నిద్రపోతున్నాడనుకున్నాను.

నిద్ర లేచినవాడు ఊరుకుంటాడా! హైదరాబాదుకి తిరిగి రాగానే 150-600 లెన్సు అడిగాడు. లక్షకు అటూ ఇటూ, వాయిదాల మీద. 2 కిలోల బరువు. "పిట్టల్ని చూడ్డానికి కిటికీ ఉందిగా, దానికి వాయిదాలు కూడా లేవు" అంది మా ఆవిడ. కళాకారుల ఇళ్ళల్లో ఇలాంటివి మామూలే అని సరిపెట్టుకున్నాను. దాంతోపాటు ఒంటినిండా ఆకులు అచ్చువేసిన కోటు ఒకటి, అలాంటిదే టోపీ ఒకటి. ఆ వేషంలో మొదట వెళ్ళింది చెరువుకి కాదు, వీధి చివర టీ కొట్టుకి. ఎక్కడికని ఎవరైనా అడగాలిగా మరి! ఎవరూ అడగకపోతే నేనే చెప్పాను.

అమీన్‌పూర్ చెరువు మాకు దగ్గరే. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగరం పక్కనున్న చెరువుకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు మీదికొస్తున్నా చలికాలంలో అక్కడికి ఉత్తరాది దేశాల నుంచి బాతులు దిగుతాయి. నేను కన్నేసింది సూదితోక బాతు మీద. మగదానికి కాఫీ రంగు తల, మెడ పక్కనుంచి పైకి పాకే తెల్లచార, వెనకాల సూదిలాంటి తోక. సైబీరియా దాకా ఉన్న చలిదేశాల్లో పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి వచ్చే జీవి అది. అంత దూరం వచ్చింది, నాకోసం ఇంకో వంద అడుగులు రాదా అనుకున్నాను. రాలేదు. చెరువు నడిమధ్య తల ముంచి, తోక ఆకాశానికెత్తి మేత మేస్తూ కూర్చుంది. 600 లెన్సులోంచి చూసినా ఆవగింజే. ఉప్పలపాడు పిట్టలకి మనిషి మీద ఎంత నమ్మకమో, దీనికి నా మీద అంత అనుమానం.

గట్టున అప్పటికే నలుగురు ఫోటోగ్రాఫర్లు తెల్లవారకముందు నుంచీ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బాతులు మెల్లగా వాళ్ళవైపే ఈదుతున్నాయట. కదలకుండా కూర్చుంటే అవే వస్తాయని వాళ్ళకి తెలుసు. నాకు మాత్రం వేటగాడి సినిమాలు తెలుసు. నేలమీద బోర్లా పడ్డాను. పాకాను. గట్టంతా ఎండి గోధుమరంగులో ఉంటే, దానిమీద పచ్చటి ఆకుల కోటుతో పాకుతున్నది నేనొక్కణ్ణే.

అప్పుడు అరిచింది తీతువు పిట్ట. ఎక్కణ్ణుంచి లేచిందో లేచింది, నెత్తిమీద తిరుగుతూ చెరువంతటికీ చాటింపు వేసింది, మునుగుడు కోళ్ళు మునిగాయి, కొంగలు లేచాయి, బాతులన్నీ ఒక్కసారిగా గాల్లోకి, సరిగ్గా నా మీదుగా, ఇంత దగ్గరగా, నేను వెల్లకిలా తిరిగి, లెన్సు ఎత్తి, మీట మీంచి వేలు తీయకుండా నొక్కి నొక్కి నొక్కి... బాతులు వెళ్ళిపోయాయి. నలుగురూ లేచి నిలబడి నావైపు చూశారు. ఒకాయన "థాంక్స్ సార్" అన్నాడు. అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు.

అయినా పోనీ, ఫోటోలున్నాయిగా అనుకుంటూ తెర చూశాను. ముందురోజు రాత్రి కొవ్వొత్తుల వెలుగులో మా మేనల్లుడి కూతురి పుట్టినరోజు తీసి, షటర్‌ని 1/60 మీదే వదిలేశాను. ఎగిరే పిట్ట రెక్క నిలబడాలంటే 1/2000 అయినా ఉండాలి. తెరనిండా గోధుమా తెలుపూ కలిసిపోయిన చారలు. ఒక్కదాంట్లో మాత్రం తల కాస్త తెలుస్తోంది, మిగతా అంతా పారుతున్న మసక.

ఇక్కడ మీరైనా ఏం చేసేవారు, చెప్పండి? లక్ష పెట్టాక ఖాళీ చేతులతో ఇంటికెళతారా? "వలస" అని పేరుపెట్టి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. అంతే. "అద్భుతం". "గాలి కనిపిస్తోంది". ఫోటోగ్రఫీ తెలిసిన మూడో అంతస్తు కుర్రాడు "ప్యానింగ్ కదా అంకుల్, షటర్ ఎంత?" అన్నాడు. కదిలేదాని వెంట కెమెరా తిప్పుతూ తీయడమట అది. నిజమే చెప్పాను, 1/60. "బాతులకి 1/60 ధైర్యం కావాలంకుల్" అన్నాడు. ధైర్యం ఉందని ఒప్పుకున్నాను. కావాలనే తీశానన్నాను. కదలికను నిలబెట్టకూడదు, ప్రవహించనివ్వాలి అని ఇంకో రెండు వాక్యాలు కూడా అన్నాను. ఆ వాక్యాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు సెక్రటరీగారు వచ్చే ఆదివారం పిల్లలకి ప్యానింగ్ నేర్పమన్నారు. సరేనన్నాను. మూడురోజులుగా మేడ మీద జొన్నలు చల్లి, 1/60 పెట్టి పావురాల మీద సాధన చేస్తున్నాను. చప్పట్లు కొట్టినా, తువ్వాలు విసిరినా ఎగరవు. ఒక్కో ఈకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చేస్తున్నాయి.