సుదర్శన చక్రం – లెక్కల సారు సందేహం

2025 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధాని 'సుదర్శన చక్ర' మిషన్ ప్రకటించారు. 2035 నాటికి దేశానికి రక్షణ కవచం సిద్ధమట. కరీంనగర్ రోడ్డు మీది హసన్‌పర్తిలో చాయ్ చల్లారేలోపే తీర్పు వెలువడింది.

"ఇగ ఫికరెందుకు? ఆళ్లు మిసైళ్లు ఇడుస్తరు, మనోళ్లు పైన్నే కూలుస్తరు."

రిటైరైన లెక్కల సారు కళ్లజోడు సర్దుకున్నారు. "పదొస్తే?"

"తొమ్మిదన్న కూలుస్తం సార్."

"మిగిలిన ఒక్కటి ఏడ పడ్తదో చెప్పు."

జవాబు లేదు. 2025 మేలో పాకిస్తాన్ నుంచి వచ్చినవి డ్రోన్లు, మామూలు క్షిపణులు. వాటిలో ఒకటీ అరా తప్పిపోయినా దేశం నిలబడుతుంది. అణ్వస్త్రం సంగతి వేరు. బోర్డు పరీక్షలో నూటికి తొంభై వస్తే ఊళ్లో ఫ్లెక్సీ కడతారు. ఇక్కడ తొంభై తొమ్మిదీ ఫెయిలే.

అయినా అవతలివాడికి మన మార్కులతో పనిలేదు. మనం కొట్టి, వాడి ఎదురుదెబ్బను కవచంతో కాచుకుంటామేమోనన్నదే వాడి బెంగ. ఇద్దరికీ చావు భయం సమానంగా ఉంటేనే ఇద్దరూ బుద్ధిగా ఉంటారని లెక్కగట్టి, 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ కవచాలకు హద్దులు పెట్టుకున్నాయి. ఎవరి ప్రజలను వాళ్లు కాపాడుకోబోమని రెండు ప్రభుత్వాలు దర్జాగా సంతకాలు చేశాయన్నమాట! 2002లో అమెరికా ఆ ఒప్పందం వదిలేసింది. 2018లో పుతిన్ కవచాలను తప్పించుకునే అస్త్రాల జాబితా చదివి వినిపించారు.

మన వాకిట్లోనూ అదే వరస. 2006 నవంబరులో ఒక పరీక్షలో మన నిరోధక క్షిపణి ఎదురొచ్చిన మన పృథ్వీ క్షిపణినే ఆకాశంలో కొట్టింది. 2017 జనవరిలో పాకిస్తాన్ అనేక వార్‌హెడ్లు మోసే అబాబీల్‌ను పరీక్షించి, ఈ ప్రాంతంలో పెరుగుతున్న కవచాలే కారణమంది. చైనా కూడా కవచం కట్టుకుంటోంది. 2024 మార్చి 11న అనేక వార్‌హెడ్ల విద్య మనమూ అగ్ని-5తో ప్రదర్శించాం. మన కవచానికి పాకిస్తాన్ బాణం, చైనా కవచానికి మన బాణం.

ఇందులో హైదరాబాదు ఘనతే ఘనత. నిరోధక క్షిపణుల వెనక రీసెర్చ్ సెంటర్ ఇమారత్, అగ్ని వెనక అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ. రెండూ అబ్దుల్ కలాం పేరిట ఉన్న ఒకే క్షిపణి సముదాయంలోవి. కవచం చేసేవాళ్లూ, కవచాలు చీల్చే బాణం చేసేవాళ్లూ ఇరుగుపొరుగే. ఎవరు గెలిచినా మిఠాయిలు పంచవచ్చు, ఎవరికీ పని తగ్గదు.

అమెరికాలో ఒకసారి తగ్గింది. అణు క్షిపణులను ఆపడానికి నార్త్ డకోటాలో కట్టిన 'సేఫ్‌గార్డ్' 1975 అక్టోబరు 1న పూర్తిగా సిద్ధమైంది. దాన్ని మూసేయాలని మర్నాడే ప్రతినిధుల సభ ఓటేసింది. యాభై ఏళ్ల తర్వాత అదే దేశం 175 బిలియన్ డాలర్ల 'గోల్డెన్ డోమ్' ప్రకటించింది. లెక్కల సారునెవరూ పిలిచినట్టు లేదు.