ముందు బేస్‌మెంట్ చూపించండి

బాస్టన్ బ్యాక్ బేలో రెండు బెడ్‌రూముల కాండో అమ్మకానికి పెడుతున్నారా? అయితే మీ ఏజెంట్ చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకంగా చేయండి. గోడలకు తెల్లరంగు వేయమంటారు, సోఫాలు అద్దెకు తెమ్మంటారు, ఓపెన్ హౌస్ రోజు కిటికీ పక్కన పూలు పెట్టమంటారు. ఆ డబ్బు మిగుల్చుకోండి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను ముందు బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లండి.

బ్యాక్ బే ఒకప్పుడు పోటు వస్తే మునిగి, పాటుకు తేలే బురదనేల. 1850ల చివర్లో నీడమ్ నుంచి రైళ్లలో కంకర తెచ్చి పూడ్చడం మొదలుపెట్టారు, దశాబ్దాలపాటు పూడ్చారు. ఆ పూడికలోకి కొయ్య దుంగలు దిగ్గొట్టి, వాటి మీద ఇటుక ఇళ్లు లేపారు. దుంగ నీళ్లలో మునిగి ఉన్నంతకాలం చెడదు. పగిలిన మురుగు గొట్టాల్లోకో సొరంగాల్లోకో ఊటనీరు కారిపోయి మట్టం తగ్గిందంటే దుంగ తలకు గాలి తగిలి పుచ్చిపోతుంది. అప్పుడు పునాది పక్కన గోతులు తవ్వి, పుచ్చిన తలలు కోసేసి, ఆ చోట ఉక్కూ కాంక్రీటూ పెట్టాలి. ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది.

మీ భవనం కింద ఎవరైనా తవ్వి చూశారా? చూసుంటే ఆ రిపోర్టు బల్లమీద పెట్టండి. లేకపోతే చూడలేదనే చెప్పండి. 1986లో ఏర్పడ్డ బాస్టన్ గ్రౌండ్‌వాటర్ ట్రస్ట్ ఈ పేటలో పరిశీలన బావులు పెట్టి నీటిమట్టం కొలుస్తోంది. మీ ఇంటికి దగ్గరి బావి లెక్కలు తీసి, కాండో అసోసియేషన్ మినిట్స్‌తో, రిజర్వ్ ఖాతా కాగితంతో కలిపి ఇవ్వండి.

చట్టం ఇంత అడగదు. మసాచుసెట్స్‌లో సొంతిల్లు అమ్ముకునేవాళ్లు అడిగినదానికి అబద్ధమాడకూడదు గానీ, అడగని లోపాన్ని తమంతట తాము చెప్పాలన్న నిబంధన దాదాపు లేదు. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం రంగు సంగతి మాత్రం చెప్పి తీరాలి. దాన్నీ కాగితాల కట్టలో ఒక సంతకంతో సరిపెట్టకండి. ఆరేళ్లలోపు పిల్లలు ఆ ఇంట్లో ఉంటే సీసం ప్రమాదం తొలగించాల్సిన బాధ్యత యజమానిది. పిల్లలున్నా లేకున్నా వచ్చిన ప్రతివాళ్లకూ ఈ మాట నోటితో చెప్పండి. గాలి దూరే కిటికీకి తెర వేసి దాచకండి. 1966 నుంచి బ్యాక్ బే రక్షిత చారిత్రక పేట కాబట్టి వీధివైపు కిటికీ మార్చాలంటే ఆ పేట కట్టడాలు చూసే కమిషన్ అనుమతి కావాలి. కొనేవాళ్లకు అదీ తెలియాలి.

ఇలా చేస్తే ధర తగ్గుతుంది. తగ్గనివ్వండి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు చూసిన మనకు ఈ లెక్క వెంటనే తట్టదు. అక్కడ వందల ఫ్లాట్లుంటే పెద్ద ఖర్చు కూడా తలా కాస్త పడుతుంది. ఇక్కడ చాలాచోట్ల ఒకే కుటుంబం కోసం కట్టిన పాత ఇంటిని నాలుగైదు వాటాలు చేసి అమ్మారు. దుంగలు పుచ్చితే ఆ నలుగురైదుగురే భరించాలి. మీరు తాళాలిచ్చి వెళ్లిపోతారు. పై అంతస్తులో పెన్షన్ మీద బతికే పెద్దావిడ మాత్రం మీరు తెచ్చిన మనిషితో భాగస్వామ్యంలో మిగిలిపోతుంది. మరమ్మతు ఖర్చుకని యజమానులందరి మీదా స్పెషల్ అసెస్‌మెంట్ పడ్డ రోజు “నాకెవరూ చెప్పలేదు” అని ఆ మనిషి లాయర్‌ని పట్టుకుంటే పనులు ఆగిపోతాయి, గోడలు బీటలిస్తాయి. ఇన్నేళ్లు మెట్లమీద పలకరించిన పొరుగువాళ్లకు అలాంటి అప్పు మిగిల్చి వెళ్లడం తప్పు.

కాబట్టి ఆఫర్లు వచ్చాక అంకె ఒక్కటే చూడకండి. కొనేవాళ్లు ఇన్‌స్పెక్షన్ వదులుకోవాలని షరతు పెట్టడాన్ని 2025 అక్టోబరు నుంచి రాష్ట్రమే ఆపింది. మీరు ఇంకో అడుగు వేయండి. కాగితాలు తీసుకెళ్లి చదివి, దుంగల గురించి, రిజర్వ్ గురించి ఎదురు ప్రశ్నలతో మళ్లీ వచ్చినవాళ్లెవరో గుర్తు పెట్టుకోండి. పదివేల డాలర్లు తక్కువైనా వాళ్లకే అమ్మండి.