ప్యాకెట్ పాలే డాక్టరుగారూ!

రిటైరయ్యేదాకా బళ్లో సైన్సు చెప్పినవాణ్ణి. పాలు ఎందుకు కాచాలో, లూయీ పాశ్చర్ ఎవరో బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పాను. అలాంటివాణ్ణి, మా వీధిలో డెంగీ అనగానే ప్లేట్‌లెట్లు పడిపోకుండా ఉంటాయని రోజూ పొద్దున్నే గ్లాసుడు పచ్చి మేకపాలు పట్టించాను. కాస్తే గుణం పోతుందట. ఎవరన్నారు? వాట్సాప్ అంది.

డెంగీ రాలేదు. కొన్ని వారాలకు వేరే జ్వరం మొదలైంది. పొద్దున బాగానే ఉంటుంది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతుంది, రాత్రి చెమటకు బనీను తడిసి ముద్దవుతుంది, నడుం విరిగినట్టుంటుంది. డాక్టరు దగ్గరికి పోకుండా, మా ఆవిడ గొంతునొప్పికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మింగాను. నేనే వెళ్లి టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది. మన దగ్గర టైఫాయిడ్ లేనివాళ్లకూ అది పాజిటివ్ రావడం మామూలేనని తర్వాత తెలిసింది. అప్పటికే మెడికల్ షాపు కుర్రాడి చేత ఇంకో కోర్సు ఇప్పించుకున్నాను. అదీ సగమే.

చివరికి ఆస్పత్రిలో చేరాక పీయూఓ అన్నారు. 101 డిగ్రీలు దాటే జ్వరం మూడు వారాలకు పైగా సాగి, పరీక్షలు చేసినా కారణం తేలకపోతే ఆ మాట వాడతారు. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికా డాక్టర్లు 100 మంది రోగుల్ని పరిశీలించి గీసిన గీత అది. మన దేశంలో మొదటి అనుమానం టీబీ మీదే. ఎక్స్‌రే, సీటీ, గుండె కవాటాలకు ఎకో, అన్నీ అయ్యాయి. రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదు. నా అరకొర మాత్రలు క్రిమిని చంపకుండా దాచిపెట్టి ఉండొచ్చు.

డాక్టరమ్మకు యంత్రాల కంటే ప్రశ్నల మీద గురి. స్క్రబ్ టైఫస్ మచ్చ ఉందేమోనని చంకలూ గజ్జలూ చూసింది. పశువులున్నాయా, పాలెక్కడివి అంది.

"ప్యాకెట్ పాలే డాక్టరుగారూ!"

టీలోకి అవే కదా! సైన్సు మాస్టారు పచ్చిపాలు తాగాడని ఎలా చెప్పను? మందులేమైనా వాడారా అంటే "ఒకటి రెండు డోలోలు" అన్నాను. మా ఆవిడ నోరు తెరవబోతే కళ్లతోనే ఆపాను. మర్నాడు అవే ప్రశ్నలు మళ్లీ అడిగేసరికి మా ఆవిడ ఆగలేదు. "మేకపాలు తాగారుగా, చెప్పరేం?"

డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. బ్రూసెల్లా అనే క్రిమి ఉందేమోనని రక్తం పరీక్షకు పంపింది. అదే తేలింది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, ఆరు వారాలు.

మంచం మీదుండగా చదివాను. 1887లో మాల్టాలో డేవిడ్ బ్రూస్ ఈ క్రిమిని పట్టాడు. అది మేకల్లో ఉందని 1905లో జామిట్ అనే ఆయన తేల్చాడు. మరుసటేడు బ్రిటిష్ సైనికులకు మేకపాలు మాన్పిస్తే జ్వరాలు తగ్గిపోయాయి. అంటే నా జబ్బుకు జవాబు నేను పుట్టకముందే ఉంది.

"ఆ పాలు ఇంకెవరు తాగారు?" అనడిగింది డాక్టరమ్మ, డిశ్చార్జి కాగితం రాస్తూ. ఈసారి నిజమే చెప్పాను. వీధి గ్రూపులో "పచ్చివే తాగండి, కాచొద్దు" అని పెట్టింది నేనే. ఇంటికొచ్చి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఎదురింటాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మీరు చెప్పారని మా అమ్మకు కూడా పట్టాను మాస్టారూ."