అప్పడాల డబ్బాలో కెమెరా

కెమెరా కొన్నవాడితో ఎలాగో వేగవచ్చు. కొనబోయేవాడితోనే కష్టం. మా బామ్మర్ది 2012లో వేసవి నుంచి దసరా దాకా కొనబోయేవాడిగానే ఉన్నాడు. ఆ 5 నెలలూ మా ఇంట్లో రెండే మతాలు, ఒకటి నికాన్, ఒకటి కేనన్. సోమవారం డి3100 అనేవాడు, దాంట్లో 14 మెగాపిక్సెళ్ళు. బుధవారానికి కేనన్ 1100డిలోకి మారిపోయేవాడు, పిక్సెళ్ళు 12 అయితేనేం, ఒంటిరంగు బాగా వస్తుందట. శుక్రవారం మళ్ళీ పాత మతం.

"నీ పెళ్ళికి పిల్లని ఒక్క పూటలో ఒప్పుకున్నావు కదరా!" అంది మా అత్తగారు విసిగిపోయి. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ రోజు మా అందరికీ మజ్జిగ అన్నమే.

ఈలోగా వాడికి వేదాంతం కూడా అబ్బింది. ఓ రాత్రి డాబా మీద పడుకుని చుక్కలు చూస్తూ, "బాడీ ఇవాళ ఉండి రేపు పోయేది బావా, లెన్సు ఒక్కటే శాశ్వతం" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. కుర్రాడు ఏ స్వాములవారి దగ్గరికైనా వెళ్తున్నాడేమోనని మా ఆవిడతో చెప్పాను కూడా. తరవాత తెలిసింది, బాడీ అంటే కెమెరా మొండెం అని, దాన్ని రెండు మూడేళ్ళకోసారి మార్చినా మంచి లెన్సు పదేళ్ళయినా పనికొస్తుందని. మాట నిజమే. అయితే ఆ జ్ఞానం కలిగాక కూడా వాడు కొన్నది కెమెరాతోపాటు వచ్చే 18-55 లెన్సే. శాశ్వతమైనది కొనడానికి డబ్బులు చాల్లేదు.

చివరికి హైదరాబాదు తీసుకెళ్ళి, కోఠీ గుజరాతీ గల్లీలో నన్ను ఎండలో నిలబెట్టి కొన్నాడు. రెంటిలో ఏది కొన్నాడో చెప్పను, రెండో మతంవాళ్ళు ఊరుకోరు. నెల తిరక్కుండా 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి చవగ్గా దొరికిందని మళ్ళీ పట్టుకొచ్చాడు. తగిలించి మీట నొక్కితే ఫోకస్ కాదు. ఫోకస్ తిప్పే మోటారు ఆ పాతరకం లెన్సులో ఉండదు, బాడీలో ఉండాలి. వీడు కొన్న చిన్న బాడీలో అదీ లేదు. మొగుడూ పెళ్ళాల్లో ఎవరో ఒకరికైనా వంట రావాలి కదా! (తెలిసినవాళ్ళకి ఈపాటికి మతం ఏదో తెలిసిపోయే ఉంటుంది.) "చేత్తో తిప్పి తీయడంలోనే ఉంది బావా మజా" అన్నాడు. వాడు తిప్పడం పూర్తయ్యేసరికి ఎదుటివాళ్ళ నవ్వు పూర్తయిపోయేది.

ఇక మడి మొదలైంది. చెమ్మ తగిలితే లెన్సులో బూజు పడుతుందని ఎవరో చెప్పారు. అదీ నిజమే, మా కోస్తా గాలికి గోడలే బూజు పడతాయి. అందుకని అత్తగారి అప్పడాల డబ్బా, గాలి చొరబడనిది, వాడి వశమైంది. అడుగున చెప్పుల పెట్టెల్లోంచి ఏరిన సిలికా జెల్ పొట్లాలు, పైన కెమెరా. తడిచేత్తో ముట్టకూడదు. ఫ్యాను కింద లెన్సు మార్చకూడదు. మార్చేటప్పుడు గదిలో ఎవరూ నడవకూడదు, దుప్పటి దులపకూడదు. ఆవకాయ జాడీకి అత్తగారు పెట్టిన నియమాలన్నీ కొడుకు కెమెరాకి పెట్టాడు కాబట్టి ఆవిడా ఏమీ అనలేకపోయింది. అప్పడాలు మాత్రం మెత్తబడిపోయాయి.

సంక్రాంతికి అందరం భీమవరం దగ్గర మా అత్తవారి ఊరు చేరాం. వాడి ప్రతాపం అక్కడ చూడాలి. కెమెరా చక్రం మీద పచ్చగా ఒక గుర్తుంటుంది, అది ఆటో. అందులో పెడితే అన్నీ అదే చూసుకుంటుంది. "సొంత కారు కొనుక్కుని ఆటో ఎక్కడమేంటి బావా" అని దాన్ని ముట్టుకోడు. ఎప్పుడూ 'ఎం'లోనే, అంటే అన్నీ తానే తిప్పుకోవాలి. ఐఎస్ఓ తిప్పి, షట్టరు తిప్పి, లెన్సులో వెలుతురు దూరే కన్నం తిప్పేసరికి హరిదాసు వీధి చివరికి వెళ్ళిపోయాడు. హరిదాసు ఎవరికోసమూ ఆగడు కదా! వీడు ముందుకి పరిగెత్తి, ఆయన్ని చూస్తూ వెనక్కి నడుస్తూ, ఎదురింటివాళ్ళు తెల్లారుజామున లేచి 21 చుక్కలు పెట్టి వేసిన ముగ్గులో గొబ్బెమ్మ మీద కాలేశాడు. ఆ ఫోటో వచ్చింది. హరిదాసు మొహంలో పండగంతటికీ అదొక్కటే నవ్వు.

తరవాత మా మామగారి తెల్ల పంచె గొడవ. వాకిట్లో నిలబెట్టి తీస్తే పంచె మాసినట్టు బూడిదరంగులో వచ్చింది. "నిన్ననే ఉతికించాన్రా" అని ఆయన నొచ్చుకున్నారు. పెరట్లో నల్ల గేదెని తీస్తే అదీ బూడిదరంగే. లోపం వాడిదీ కాదు, చాకలిదీ కాదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి తెలుపు, నలుపు అన్న భేదం లేదు. లోకంలో ఏదైనా సగటున బూడిదరంగే అని దాని సిద్ధాంతం, తెల్లదాన్ని కిందకి లాగుతుంది, నల్లదాన్ని పైకి లేపుతుంది. అందుకే పంచెకి ప్లస్ పెట్టాలి, గేదెకి మైనస్. ఈ సూక్ష్మం వాడికి తట్టే లోపల మామగారు పంచె మార్చేసి లుంగీలోకి వచ్చేశారు. గేదె మాత్రం ఓపిగ్గా నిలబడింది. దాన్ని 26 తీశాడు. కడపటిదానిలో నల్లగా నిగనిగలాడింది.

కొల్లేరులో ఆటపాకకి వెళ్ళి గూడబాతుల్ని కూడా తీసుకొచ్చాడు. "అదుగో ఆ చుక్క" అని చూపించాడు. 55 దగ్గర ఆగిపోయే లెన్సుతో చుక్కలే వస్తాయి.

బంధువులు ఫోటోలు అడగడం మొదలుపెట్టారు. "రాలో తీశాను, డెవలప్ చేయాలి" అనేవాడు. రా అంటే కెమెరా చూసింది చూసినట్టు దాచుకున్న పచ్చి ఫైలు. కంప్యూటర్లో వండితే గానీ వడ్డించడానికి కుదరదు. ఆ వంట ఎప్పుడూ పొయ్యెక్కలేదు. రా అన్న ఫోటో ఒక్కటీ రాలేదు. అడిగి అడిగి మా పెదమామగారు సెల్‌ఫోన్లో తీసుకున్న బొమ్మకే చట్రం కట్టించుకున్నారు.

ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజుపలకల మీద ఫోటోలు తీసేవాడు. ఒక బొమ్మకి ఒక పలక, బరువు మోసుకుంటూ. మావాడి యంత్రం సెకనుకి 3 కొడుతుంది. ఉగాది నాటికి 4,300 అయ్యాయి.

వాటిలో మా అత్తగారివి 40 ఉన్నాయి. సంక్రాంతినాడు ఆవిడే అడిగింది. "ఒక్కటి మంచిది తియ్యరా, రేపు దండ వెయ్యడానికి పనికొస్తుంది" అని పట్టుచీర కట్టి, ఏడు రాళ్ళ రవ్వల దుద్దులు పెట్టుకుని కూర్చుంది. ఈసారి మోటారున్న 50 లెన్సు, కన్నం 1.8. అంకె చిన్నదైతే కన్నం పెద్దది. గజం దూరంలో ఫోకస్ రెండు వేళ్ళ మందం కూడా నిలవదు. కళ్ళు, ముక్కు అద్దంలా వచ్చాయి. చెవులు మంచులో కలిసిపోయాయి.

"చెవులేవిరా?"

"అది బొకే అమ్మా. ఆ మసకే అందం. దానికే ఇంత పోసి కొన్నాను."

"మా నాన్న పదెకరాల పంట అమ్మి చేయించిన దుద్దులు. మసకలో పెట్టడానికి నువ్వెంత పోస్తే నాకేం? దండేసినప్పుడు నా చెవులు నాకుండాలి."

మూడు నెలలు మాటల్లేవు. ఉగాదికి వాడే దిగివచ్చాడు. ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, కన్నం 8కి మూసి, స్టాండు వేసి, ఊపిరి బిగబట్టి తీశాడు. లాప్‌టాప్‌లో పెంచి చూపించాడు. నిజంగా బాగుంది. చీర జరీ పోగు పోగూ లెక్కపెట్టవచ్చు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టింది, జరీ కాదు, రాళ్ళు. కుడిచెవికి 7. ఎడమచెవికి 6.

దుద్దు తీసి చూస్తే ఒక రవ్వ లేదు.

ఎప్పుడు ఊడింది? సంక్రాంతికి ఉందా, లేదా? అప్పటికే ఊడిపోయి ఉంటే ఊళ్ళో వెతకాలి, లేకపోతే ఈ ఇంట్లోనే. పండగ ఫోటోల్లో తేలిపోతుందన్నాడు బామ్మర్ది ఉత్సాహంగా, కెమెరా వల్ల ఇంటికి తొలిసారి ఉపయోగం కలగబోతోందని. ఇంటిల్లిపాదీ లాప్‌టాప్ చుట్టూ మూగాం. మందారం మీద నీటిబొట్లు 312. చుక్కలు, అవే, గూడబాతులు, 90. అరిసె అంచు, దీపం వత్తి, తలుపు గడియ. అత్తగారివి నలభైకి నలభై తిరగేశాం. ప్రతిదాంట్లోనూ ముక్కు ఉంది. ఎడమచెవి ఉండవలసినచోట మెత్తగా, గుండ్రంగా, అందంగా ఒక వెలుగు.

ఆవిడ లేచి జల్లెడ పట్టుకుని పెరట్లో తూము దగ్గరికి వెళ్ళింది. మేమింకా ముందుకి జరుపుతూనే ఉన్నాం. తూము దగ్గర్నుంచి తొంగిచూసి అంది:

"ఒరేయ్, ఆ గేదెకి మాత్రం రెండు చెవులూ బాగా వచ్చాయి."